చేతిలో ఫోను లేకపోతే ఈ వయసు పిల్లలకు అంత భయం ఎందుకు?

ఈ ప్రశ్న చూడగానే నాకు సఖినేటిపల్లి రేవు గుర్తుకు వచ్చింది. ఫోను దగ్గర లేకపోతే పాతికేళ్ల లోపు పిల్లలు బెదిరిపోవడానికి మనసులో ఉండే కారణం ఏమిటని అడిగారు. వ్యసనం అని ఒక్క మాటతో తేల్చేసేవాళ్లతో నేను ఎప్పటికీ ఏకీభవించను.

మా చెల్లెలు 11 ఏళ్లుగా కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. కొడుకు నా దగ్గరే పెరిగాడు. ఇప్పుడు వాడికి 21. అంతర్వేది తీర్థం రోజుల్లో మేమిద్దరం నరసాపురంలో బట్టలు కొనుక్కుని, బళ్లనూ మనుషులనూ నది దాటించే పంటు మీద తిరిగి వస్తున్నాం. మోటారు సైకిళ్ల మధ్య కాలు పెట్టడానికి చోటు లేదు. నది మధ్యకు వచ్చాక ఎవరో వెనుక నుంచి తోసుకువచ్చారు. వాడి చొక్కా జేబులోని ఫోను జారి, కమ్మీకి తగిలి వశిష్ఠ గోదావరిలో పడిపోయింది.

వాడు అరవలేదు. గట్టు చేరేదాకా కుడిచెయ్యి మాత్రం జేబు మీదికి పోతూనే ఉంది. ఖాళీ జేబును అరచేత్తో అదుముకోవడం, తీసేయడం, మళ్లీ అదుముకోవడం. పక్కనున్న పెద్దాయన "ఫోను పోతే ప్రాణం పోయినట్టే ఈ కాలం పిల్లలకు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "పోతే పోయిందిలే నాన్నా, ఇంకొకటి కొనుక్కుందాం" అన్నాను వాడితో.

"అది కాదు పెద్దమ్మా, రాత్రి అమ్మ చేస్తే స్విచాఫ్ అని వస్తుంది. ఒక్కతే అక్కడ ఏమనుకుంటుంది?"

కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. చెల్లెలు వంటిల్లు సర్దుకుని 10 గంటలకు గదికి చేరితే మనకు పన్నెండున్నర. ఇన్నేళ్లుగా వాడు ఆ వేళకు మెలకువగానే ఉంటున్నాడు.

వాడి భయం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంటికి మాట్లాడేది ఇంటర్నెట్ కాల్స్‌లోనే కదా! సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం తిరిగిన సంగతి పేపర్లలో వచ్చింది. తల్లులు ఎడారి దేశాల్లో ఉన్న పిల్లలు ఆ రాత్రులు ఎలా గడిపారో రాసినవాళ్లు మాత్రం నా కంట పడలేదు. మావాడు అరుగు మీద కూర్చుని, మోగని ఫోనును ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ చూశాడు.

ఈ భయానికి 2008లో బ్రిటన్‌లో నోమోఫోబియా అని పేరు పెట్టారు. దాన్ని కొలవడానికి 2015లో అమెరికాలోని ఐయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 20 ప్రశ్నలు తయారుచేసి, అందులో నాలుగు భయాలు చూపించారు: అయినవాళ్లతో మాట్లాడలేకపోవడం, ఆన్‌లైన్ లోకంతో సంబంధం తెగిపోవడం, కావలసిన సమాచారం అందకపోవడం, ఫోనుతో ఉన్న వెసులుబాటు పోవడం. నా లెక్కలో మొదటిదే తల్లివేరు, మిగిలిన మూడూ కొమ్మలు.

ఆ కొమ్మలకు నీళ్లు పోసింది కూడా పెద్దవాళ్లమే. బ్యాంకు, బస్సు టికెట్టు, గ్యాస్ బండ, పరీక్ష ఫలితం అన్నీ ఫోనులోకి ఎక్కించాం. పిల్లవాడు ఒక్కసారి ఎత్తకపోతే ఇరవై సార్లు చేస్తాం. ఇంటికి వచ్చాక ఫోను పిచ్చి అని తిడతాం. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ రాత్రి నా ఫోను నుంచి చెల్లెలికి చేసి వాడికి ఇచ్చాను. "అమ్మా, తిన్నావా?" అన్నాడు. ఎంతసేపు మాట్లాడుకున్నారో తెలియదు, నేను నిద్రపోయాను. కొత్త ఫోను కొనడానికి తొమ్మిది రోజులు పట్టింది. రోజూ పన్నెండున్నరకు వచ్చి నా తలగడ పక్క నుంచి ఫోను తీసుకునేవాడు. పగలు ఒక్కసారి కూడా అడగలేదు.