కోబాల్‌ని తీసిపారేసే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

రుషికొండ ఆఫీసులో పాత కోబాల్ వడ్డీ ప్రోగ్రామ్‌ని జావాలోకి మార్చే పని నీకిచ్చారని మీ నాన్న చెప్పాడు. చాలా గర్వంగా ఉంది. కానీ "ఆ ముసలి భాషలో ఏముంది, నెలలో తేల్చేస్తా" అన్నావట. ఆ మాటకే భయమేసి రాస్తున్నాను.

1959లో పుట్టిన ఆ భాషలో వాగుడెక్కువ, ఒప్పుకుంటాను. ఇఫ్ షరతు ఇక్కడితో అయిపోయిందని చెప్పే ఎండ్-ఇఫ్ 1985 ప్రమాణంతో గానీ రాలేదు. పాత కోడ్‌లో ఇఫ్ ఎక్కడ ముగిసిందో ఫుల్‌స్టాప్‌ని బట్టి చూసుకోవాలి. పాత ఫార్మాట్‌లో 72వ కాలమ్ దాటి రాసింది కంపైలర్ లెక్కలోకి తీసుకోదు. ఇవన్నీ వారంలో అలవాటైపోతాయి.

అసలు గండం మూవ్ దగ్గరుంది, అంటే ఒక ఫీల్డులోని విలువని ఇంకో ఫీల్డులోకి పంపే ఆజ్ఞ దగ్గర. పిక్ 9(5)వి99 అని రాసిన ఫీల్డులో రూపాయలకి అయిదంకెలే చోటు, పైసలకి రెండు. అందులోకి 1,00,250.75 మూవ్ చేస్తే ఎడమవైపు అంకె రాలిపోయి 250.75 మిగులుతుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, రిపోర్టు చక్కగా ప్రింటవుతుంది. అంకెలు పట్టకపోతే పట్టుకునే ఆన్ సైజ్ ఎర్రర్ ఉందిగా అంటావేమో, అది కూడికలూ గుణకారాలలాంటి లెక్కలకే, మూవ్‌కి వర్తించదు. లక్ష ఊసే లేని రోజుల్లో కొలిచిన ఫీల్డులవి! అందుకే జావా ముట్టుకోకముందే ఫీల్డుల కొలతలు రాసి ఉండే డేటా డివిజన్ ముందేసుకుని, ప్రతి మూవ్‌కీ ఇటు ఎన్నంకెలు, అటు ఎన్నంకెలు అని రాసుకో. బద్ధకించకు తల్లీ, అవతల ఉన్నది ఎవరో పెన్షనరు డబ్బు.

దాని గొప్పా చెప్పాలి. పైసల్ని అది దశాంశంగానే దాస్తుంది. జావాలో సంఖ్యల్ని ద్విసంఖ్యా పద్ధతిలో దాచే డబుల్‌లో 0.1కి 0.2 కలిపి చూడు, 0.30000000000000004 వస్తుంది. డబ్బుకి డబుల్ వాడావంటే ఊరుకోను. దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచే బిగ్‌డెసిమల్ వాడు, అదీ స్ట్రింగ్ నుంచి తయారుచేసుకో. రౌండెడ్ అని లేనిచోట కోబాల్ 10.126ని 10.12 చేస్తుంది, కాబట్టి అక్కడ నువ్వు మిగతా అంకెల్ని కత్తిరించే రౌండింగ్‌మోడ్ డౌన్ పెట్టాలి. రౌండెడ్ ఉంటే హాఫ్ అప్, అంటే సగమో ఆపైనో ఉంటే పై అంకెకి సవరించేది. అన్నిచోట్లా హాఫ్ అప్ పెట్టేస్తే పైసా తేడాలు వెతకలేక రాత్రుళ్ళు నిద్ర మానేస్తావు. నిద్ర మానకు.

అంకెల్ని బైటుకి రెండేసి చొప్పున కుక్కే కాంప్-3 ఫీల్డులున్న ఫైలు టెక్స్ట్ మోడ్‌లో తెచ్చుకోకు, అంకెలు పాడవుతాయి. పాతదీ కొత్తదీ ఒకే డేటా మీద నడిపి పైసాతో సహా పోల్చు. తేడా వస్తే పాతదే తప్పని వెంటనే దిద్దేయకు. ఆ అంకె మీద ఇంకే ప్రోగ్రామ్ ఆధారపడిందో ముందు కనుక్కో.

ఆదివారం భోజనానికి రా. నీ మూవ్‌ల పట్టిక, ఆఫీసు వాళ్ళు ఒప్పుకుంటేనే, తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న