కత్తి కోరల పిల్లి ఎలా వేటాడేది?

ప్రశ్న: కత్తుల్లాంటి కోరలున్న పిల్లి సింహంలా తరిమి వేటాడేదా? ఎందుకు అంతరించింది?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తరిమేది కాదమ్మా. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం నడుమ లా బ్రియా తారు మడుగులున్నాయి. అందులో చిక్కుకున్న జంతువులను తినబోయి ఈ కత్తి కోరల పిల్లులూ (శాస్త్రీయ నామం స్మైలోడాన్) కూరుకుపోయాయి. ఆ ఎముకలు చూడండి: తోక పొట్టి, ముందుకాళ్లు మహా బలిష్ఠం. మాటువేసి మీదపడే రకం. కోరలు పొడవే గానీ పక్కలకు పల్చన, పెనుగులాటలో ఎముకకు తగిలితే విరిగేవి. అందుకే బైసన్ అనే అడవి ఎద్దును ముందు కాళ్లతో నేలకు అదిమిపట్టి, కదలనివ్వకుండా చేశాకే గొంతులో దించేది. ఆ పట్టు ఎంత కష్టమో భుజాల్లో, నడుములో మానిన దెబ్బలు చెబుతాయి. నన్ను బాగా కదిలించేవి ఆ ఎముకలే.

కోరలు అతిగా పెరిగి చచ్చాయన్న మాట నమ్మకండి. ఆ కోరలతోనే 20 లక్షల ఏళ్లకు పైగా బతికాయి. మంచుయుగం ముగుస్తూ వాతావరణం మారింది, వేటాడే మనుషులు వచ్చారు. వాటికి ఆహారమైన అక్కడి గుర్రాలు, ఒంటెలు పోయాయి. దేని వాటా ఎంతన్నది ఇంకా చర్చే. సుమారు 10,000 ఏళ్ల కిందటికి స్మైలోడాన్ లేదు. చిన్నాచితకా జంతువులతోనూ కడుపు నింపుకోగల ప్యూమా అనే మరో అడవి పిల్లి మాత్రం ఇప్పటికీ లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కొండల్లో తిరుగుతోంది.