పాఠకుల ప్రశ్నలు: గుండె కొట్టుకుంటుండగా మనిషి పోయాడని ఎలా నమ్మడం?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అవయవదానం గురించినవే. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఎందుకు ఇచ్చానో అది చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా తమ్ముడు కొబ్బరి దింపు పనికి వెళ్లేవాడు. రెండేళ్ల కిందట చెట్టు మీది నుంచి పడి తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో మూడో రోజున డాక్టర్లు ‘బ్రెయిన్ డెడ్’ అని చెప్పి, అవయవాలు దానం చేస్తారా అని అడిగారు. అప్పటికి వాడి ఒళ్లు వెచ్చగానే ఉంది, గుండె కొట్టుకుంటోంది, ఛాతీ లేచి పడుతోంది. మేము ఒప్పుకోలేదు. మర్నాడు గుండె ఆగిపోయింది. వాడు అప్పటికే చనిపోయాడంటే ఎలా నమ్మడం? మేము కాదనడం తప్పా? – ఒక అక్క, అంబాజీపేట దగ్గర

జవాబు: అమ్మా, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు తప్పు చేయలేదు. వెచ్చగా ఉన్న తమ్ముడి చేయి పట్టుకుని ఉన్న అక్కను, అంతకు ముందు ఎన్నడూ వినని మాట చెప్పి, కొద్ది గంటల్లో నిర్ణయం చెప్పమంటే కాదనడం సహజం. చట్టం కూడా ఆ హక్కును కుటుంబానికే ఇచ్చింది.

ఇక మొదటి ప్రశ్న. మనం ఊపిరి తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చేది మెదడు అడుగుభాగంలో ఉండే మెదడుకాండం. తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు లోపల రక్తం చేరి, మెదడు వాచి, పుర్రెలో చోటు చాలక మెదడుకు రక్తప్రసరణ పూర్తిగా నిలిచిపోవచ్చు. అప్పుడు మెదడుకాండం కూడా చచ్చిపోతుంది, చచ్చిన మెదడుకాండం తిరిగి బతకదు. దీన్నే బ్రెయిన్ డెత్ అంటారు. గుండె సంగతి వేరు. గుండె కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్ స్పందన గుండెలోనే పుడుతుంది కాబట్టి, వెంటిలేటరు ప్రాణవాయువు అందిస్తున్నంతకాలం అది కొన్ని గంటలపాటు, ఒక్కోసారి కొన్ని రోజులపాటు కొట్టుకుంటూనే ఉంటుంది. మీ తమ్ముడి ఛాతీని లేపి దించింది వెంటిలేటరు. ఆ గాలి వల్లనే గుండె ఆడింది, గుండె ఆడినందువల్లనే ఒళ్లు వెచ్చగా ఉంది.

కోమాకు, బ్రెయిన్ డెత్‌కు తేడా ఉంది. చాలామంది ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే ‘కోమాలోంచి లేచినవాళ్లున్నారు కదా’ అనే ఆశ పుడుతుంది. కోమాలో మెదడుకాండం బతికి ఉంటుంది, కొందరిలో ఊపిరి సొంతంగానే ఆడుతుంది, అందుకే కొందరు కోలుకుంటారు. బ్రెయిన్ డెత్ నుంచి కోలుకోవడమన్నది లేదు.

దీన్ని నిర్ధారించే పద్ధతిని 1994లో వచ్చిన మానవ అవయవ మార్పిడి చట్టం, దాని నియమాలు గట్టిగా కట్టడి చేశాయి. ఆసుపత్రి బాధ్యత చూసే వైద్యుడు, అధీకృత జాబితాలో ఉన్న మరో నిపుణుడు, నరాల వైద్య నిపుణుడు, రోగికి చికిత్స చేస్తున్న వైద్యుడు, ఇలా నలుగురు సంతకం చేయాలి. అవయవ మార్పిడి చేసే బృందంలోనివారు ఆ నలుగురిలో ఉండకూడదు. కంట్లో వెలుతురు వేసి కనుపాప కదులుతుందా అని చూస్తారు, కంటి మీద తాకి రెప్ప కొట్టుకుంటుందా అని చూస్తారు, చెవిలో చల్లటి నీళ్లు పోసి కనుగుడ్లు తిరుగుతాయా అని చూస్తారు, గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందా అని చూస్తారు. చివరగా వెంటిలేటరును కొద్దిసేపు తప్పించి, ప్రాణవాయువు మాత్రం అందిస్తూ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడైనా ఒక్క ఊపిరి సొంతంగా తీసుకుంటాడేమో అని కనిపెడతారు. ఈ పరీక్షలన్నిటినీ కనీసం ఆరు గంటల తేడాతో రెండోసారి కూడా చేస్తారు. రెండుసార్లూ స్పందన లేకపోతేనే మరణంగా ధ్రువీకరిస్తారు. మీ తమ్ముడి విషయంలో ఈ పరీక్షలు సక్రమంగా జరిగి ఉంటే, ఆ ధ్రువీకరణ నాటికే అతను వెళ్లిపోయాడు. మీరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా అతని ప్రాణం విషయంలో తేడా ఉండేది కాదు. ఈ ఒక్క మాట మీకు నిద్ర పట్టిస్తుందని ఆశిస్తున్నాను.

నన్ను బాధపెట్టేది మరొకటి. ఇంత వివరం ఆ మూడు రోజుల్లో ఎవరో ఒకరు మీ పక్కన కూర్చుని, మన మాటల్లో చెప్పి ఉండవలసింది. అవయవాల మాట ఎత్తకముందే మరణం గురించి విడమరిచి చెప్పాలి, అది జీర్ణించుకోవడానికి కుటుంబానికి వ్యవధి ఇవ్వాలి. ఈ క్రమం తప్పితే అనుమానం మిగిలిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారు అవయవదానం చేస్తానంటున్నారు. శరీరం సంపూర్ణంగా అగ్నికి అర్పించకపోతే కర్మ చెల్లదని, వచ్చే జన్మలో అంగవైకల్యం వస్తుందని మా పెద్దనాన్నగారు అడ్డుపడుతున్నారు. కోటిపల్లి రేవులో కర్మ చేయించుకునే వంశం మాది. ఏం చెప్పమంటారు? – ద్రాక్షారామం

జవాబు: అవయవదానం, శరీరదానం వేరువేరని మీ పెద్దనాన్నగారికి ముందు చెప్పండి. శరీరదానంలో దేహం వైద్య కళాశాలకు చేరుతుంది. అవయవదానంలో శస్త్రచికిత్స చేసి, కుట్లు వేసి, దేహాన్ని గౌరవంగా మీకు అప్పగిస్తారు. స్నానం, దహనం, సంచయనం, గోదావరిలో అస్థి నిమజ్జనం, పదో రోజు, పన్నెండో రోజు అన్నీ మీ ఆచారం ప్రకారమే జరుగుతాయి. ప్రమాద మరణమైతే పోలీసుల అనుమతి, పోస్టుమార్టం ఎలాగూ తప్పవు కనుక దేహం అప్పగించడం కొంత ఆలస్యం కావచ్చు, ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

నేను శాస్త్రం చదివిన పండితుణ్ణి కాను. కానీ ఒక్కటి అడుగుతాను. షుగరు వల్ల కాలు తీసేసినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వారు పోయినప్పుడు కర్మ చెల్లదని ఏ పురోహితుడైనా అన్నాడా? రోగం తీసుకున్న అవయవానికి లేని దోషం, మరొకరి ప్రాణానికి ఇచ్చిన అవయవానికి ఎలా అంటుతుంది? తన వెన్నెముకను ఇచ్చిన దధీచిని మహర్షిగానే పూజిస్తున్నాం గదా.

మీ నాన్నగారికి, పెద్దనాన్నగారికి ఇంకో సంగతి చెప్పండి. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో మన దేశపు తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ గారు మన రాజమహేంద్రవరంలో పుట్టినవారు. బ్రెయిన్ డెత్‌ను మరణంగా గుర్తించిన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది ఆ ముందు నెలలోనే. ఆ చట్టం లేకపోతే కొట్టుకుంటున్న గుండెను తీసి మరొకరికి పెట్టడానికి దారి ఉండేది కాదు. ఆ రోజు గుర్తుగానే ఇప్పుడు ఆగస్టు 3న దేశమంతా అవయవదాన దినం జరుపుతున్నారు.

ప్రశ్న: మా అమ్మమ్మకు 78 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కళ్లు దానం చేయాలని ఆమె కోరిక. మాది లంక గ్రామం, పంటు దాటితే తప్ప రోడ్డు లేదు. వీలవుతుందా? – ముమ్మిడివరం మండలం

జవాబు: వయసు, షుగరు, బీపీ, శుక్లాల ఆపరేషన్, కళ్లజోడు ఇవేవీ అడ్డు కావు. నేత్రదానానికి బ్రెయిన్ డెత్ అక్కర్లేదు. ఇంట్లో సహజంగా పోయినవారి నుంచి కూడా కార్నియాను, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరను, తీసుకోవచ్చు. అయితే మరణించిన ఆరు గంటల లోపల తీయాలి. మీ ఊరికి అసలు చిక్కు ఇదే. కాబట్టి దగ్గరలోని ఐ బ్యాంకు ఫోను నంబరు ఇప్పుడే తెలుసుకుని గోడ మీద రాసి పెట్టండి. రాత్రి పంటు ఆగిపోతే పడవ ఎవరు తెస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. ఆ సమయంలో కళ్లు మూసి, రెప్పల మీద తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి కొద్దిగా ఎత్తుగా ఉంచాలి. వచ్చిన బృందానికి అరగంట చాలు, ముఖం వికారంగా కనబడదు. హెచ్ఐవీ, హెపటైటిస్, కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్ వంటివి ఉంటే మాత్రం తీసుకోరు.

ప్రశ్న: మా ఆయన డయాలసిస్ మీద ఉన్నారు. నా రక్తం గ్రూపు కలవలేదు. డబ్బిస్తే కిడ్నీ ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి తిరుగుతున్నాడు. – భీమవరం

జవాబు: అతన్ని ఇంటికి రానివ్వకండి. అవయవాల కొనుగోలు, అమ్మకం రెండూ నేరమే. అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా పడుతుంది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతా అవ్వలు, మనవలు దగ్గరి బంధువులుగా దానం చేయవచ్చు. మీలాగే గ్రూపు కలవని మరో జంట దొరికితే, మీ కిడ్నీ వారికి, వారి కిడ్నీ మీవారికి మార్చుకునే వీలును అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ కల్పించింది. దీంతోపాటు మీ కిడ్నీ వైద్యుడి ద్వారా, మార్పిడి చేసే ఆసుపత్రిలో జీవన్‌దాన్ జాబితాలో, అంటే మరణించినవారు దానం చేసిన అవయవాల కోసం రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం కింద ఉండే జాబితాలో, పేరు నమోదు చేయించండి.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. అవయవదాత కార్డు తీసుకుంటానంటే ‘నోట మంచిమాట రాదా’ అని మా అమ్మ ఏడ్చింది. ఆమెకు తెలియకుండా తీసుకోవచ్చా? – విద్యార్థిని, నరసాపురం

జవాబు: 18 ఏళ్లు నిండినవారు ఆధార్‌తో జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ (నోటో) వెబ్‌సైటులో నమోదు చేసుకోవచ్చు. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. సందేహాలకు 1800 11 4770 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కానీ అమ్మకు తెలియకుండా తీసుకున్న కార్డు వల్ల ప్రయోజనం తక్కువమ్మా. కార్డు ఉన్నా ఆ రోజున డాక్టర్లు అడిగేది ఇంటివాళ్లనే, ఇంట్లో వద్దంటే అక్కడితో ఆగిపోతుంది. పైన అంబాజీపేట అక్క రాసిన ఉత్తరం ఆమెకు చదివి వినిపించండి. నీ సంగతి తర్వాత, ముందు అమ్మ కోరిక ఏమిటో అడుగు. నా అనుభవంలో ఈ మాట మొదలయ్యే దారి చాలా ఇళ్లలో అదే.