ఆర్‌ఎక్స్ 100 బ్లాక్ బోర్: ఏ సైజు, లేత్ దగ్గర ఏం చూసుకోవాలి

పొగ ఎక్కువైంది, కిక్ వదులైంది, పికప్ పోయింది, మెకానిక్ బోర్ చేయించమంటున్నాడు (అంటే పిస్టన్ ఆడే బ్లాక్ లోపలి గోడని లేత్‌లో కాస్త పెద్దది చేయించి పెద్ద పిస్టన్ వేయడం), ఏ సైజు చేయించాలి అని అడిగారు. కిక్, పికప్ సంగతి బోర్ అరుగుదలే కావచ్చు. పొగ మాత్రం దానివల్ల కాదు. ఫోర్ స్ట్రోక్‌లో రింగులు అరిగితే కింది ఆయిల్ పైకెక్కి పొగొస్తుంది. ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద ఆయిల్ నిల్వే ఉండదు. ముందు టూటీ పంపు (పెట్రోల్‌తో కలిసి కాలే టూటీ ఆయిల్‌ని ఇంజిన్‌కి పంపేది) కేబుల్ సెట్టింగు, తర్వాత గేర్ ఆయిల్ లెవెల్ చూడండి. బయట ఎక్కడా కారకుండా గేర్ ఆయిల్ తగ్గిపోతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్ పోయి, ఆ ఆయిల్ ఇంజిన్‌లోకి వెళ్లి కాలుతున్నట్టే. మాగ్నెట్ వైపు సీల్ పోతే ఇంకా ప్రమాదం: గాలి లాగి పెట్రోల్ మిక్చర్ పలచబడుతుంది, కొత్త పిస్టన్ కూడా సీజ్ అవుతుంది, అంటే వేడికి బోర్‌లో పట్టేస్తుంది. బోర్‌తో పాటే రెండు సీళ్లూ మార్చేయండి.

స్టాండర్డ్ బోర్ 50 మి.మీ., స్ట్రోక్ కూడా 50. ఓవర్‌సైజ్ పిస్టన్లు, అంటే అంతకంటే 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్దవి దొరుకుతాయి. సైజు కంటితో తేల్చొద్దు. బోర్ గేజ్‌తో పైన, ఎగ్జాస్ట్ పోర్టుకి (పొగ బయటికి పోయే, గోడలోని కంతకి) కాస్త ఎగువన, అడుగున కొలవాలి, ప్రతిచోటా రెండు దిక్కులా. అరుగుదల, గీతలు పూర్తిగా పోయే కనీస సైజే మీ సైజు. 0.25తో శుభ్రపడే బ్లాక్‌ని పవర్ కోసం నేరుగా 1.00కి తీయించకండి. 98 సీసీ కాస్తా 102 అవుతుంది, అంతే. స్లీవ్‌కి (బ్లాక్ లోపలి ఇనుప గొట్టానికి) మిగిలిన మూడు బోర్లూ ఒక్కసారే ఖర్చయిపోతాయి.

పిస్టన్ ముందు కొనండి, దాన్ని బ్లాక్‌తో పాటు లేత్ షాపులో ఇవ్వండి. డబ్బా మీద 50.25 అని ఉన్నా పిస్టన్ అసలు కొలత కొంచెం తక్కువే ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది కూడా. స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) కింది అంచుకి ఓ 10 మి.మీ. పైన, పిన్‌కి అడ్డంగా మైక్రోమీటర్ పెట్టి కొలిచి, దానికి 0.04 నుంచి 0.05 మి.మీ. కలిపితే మీ బోర్. లేత్ వాళ్ల లెక్కలో ఒకటిన్నర నుంచి రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఇంతకంటే బిగిస్తే వేడెక్కగానే పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల పట్టేస్తుంది. వదులైతే చల్లగా ఉన్నప్పుడు టకటకమంటుంది. ఆఖరి రెండు థౌ కట్టింగ్‌తో కాకుండా హోనింగ్‌తో (సానరాళ్లతో రుద్ది) తీయమనండి, గోడ మీద ఒకదాన్నొకటి అడ్డంగా దాటే సన్నగీతలు కనపడాలి.

ఎక్కువ బ్లాకులు పాడయ్యేది ఆ తర్వాతి పనిలోనే. బోర్ తీశాక పోర్టు అంచులు బ్లేడులా పదునుగా ఉంటాయి. ఫోర్ స్ట్రోక్ బ్లాకులే చేసే లేత్‌లో ఇది పట్టించుకోరు. రింగు పోర్టు మీదుగా వెళ్లినప్పుడల్లా కొంచెం బయటికి ఉబికి ఆ అంచుకి తగులుతుంది, చివరికి విరుగుతుంది. ప్రతి పోర్టు పై అంచు, కింది అంచు చిన్న ఆకురాయితో అర మిల్లీమీటరు మేర ఏటవాలుగా చేయించండి, ఎగ్జాస్ట్‌కి ఇంకాస్త. తర్వాత దూది ముక్క పోర్టుల మీదుగా లాగండి. ఒక్క పోగు చిక్కుకున్నా పని పూర్తి కాలేదు.

బ్లాక్‌ని వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో కడగండి. పెట్రోల్ చాలదు, హోనింగ్ పొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్లబట్టతో తుడిస్తే బూడిదరంగు అంటకూడదు. ఆరగానే టూటీ ఆయిల్ రాయండి, లేకపోతే గంటలో తుప్పు. రింగుని ఒంటరిగా బోర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే మూతుల మధ్య 0.2 నుంచి 0.35 మి.మీ. రావాలి. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు. రింగు మూతులు గాడిలోని చిన్న పిన్నుకి అటూ ఇటూ కూర్చోకపోతే బ్లాక్ దించేటప్పుడే రింగు విరుగుతుంది. పిస్టన్ పిన్ జారకుండా పట్టే సర్‌క్లిప్‌లు కొత్తవే వాడండి, అవి వేసేటప్పుడు క్రాంక్‌కేస్ నోట్లో గుడ్డ కుక్కండి.

పంపు పనిచేస్తున్నా సరే, మొదటి రెండు ట్యాంకులకి లీటరు పెట్రోల్‌కి 20 మి.లీ. టూటీ ఆయిల్ అదనంగా కలపండి. 500 కి.మీ. దాకా 50 స్పీడు దాటొద్దు, ఒకే యాక్సిలేటర్ మీద చాలాసేపు లాగొద్దు. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలేటర్ పూర్తిగా మూసేసి గేర్‌లో దొర్లనివ్వకండి. పంపు ఇంజిన్ వేగంతో పాటు యాక్సిలేటర్‌ని బట్టి కూడా ఆయిల్ వదులుతుంది కాబట్టి అప్పుడు పిస్టన్‌కి ఆయిల్ సరిగా అందదు. మధ్యమధ్య కాస్త తిప్పుతూ ఉండండి. మొదటిసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు ఎదురెదురుగా మరోసారి బిగించండి.