దెయ్యం సినిమా అని మాత్రం చెప్పకు

ఒరేయ్ శీనూ,

శనివారం రాత్రి హాస్టల్లో మీవాళ్ళకి 'హౌస్' అనే జపాన్ సినిమా వేస్తానన్నావు. ఒకసారి వేసి నవ్వులపాలైనవాణ్ణి కాబట్టి ముందే రాస్తున్నా.

మా ఫిల్మ్ సొసైటీలో వేసినప్పుడు "జపాన్ దెయ్యాల కొంప, గుండె దిటవున్నవాళ్ళే రండి" అని పోస్టర్ రాశాను. భయపడదామని వచ్చినవాళ్ళు పావుగంటకే నవ్వడం మొదలెట్టారు. తెల్లపిల్లి కళ్ళు పచ్చగా మెరిసేసరికి సగం కుర్చీలు ఖాళీ. తప్పు సినిమాది కాదు, నా పోస్టర్‌ది. నువ్వు ఆ మాటే ఎత్తకు. ఎవరైనా అడిగితే "ఏడుగురు అమ్మాయిలు సెలవలకి ఓ పల్లెటూరికి వెళ్తారు" అను, చాలు.

నవ్వితే నవ్వనీ. హాలీవుడ్ సొరచేప సినిమా 'జాస్' లాంటిది కావాలని తోహో అనే జపాన్ సినిమా కంపెనీవాళ్ళు అడిగితే, దర్శకుడు ఒబయాషి ఇంటికెళ్ళి బడికెళ్ళే కూతురు చిగుమిని "నీకేమంటే భయం?" అని అడిగాడు. బావిలోంచి తీసిన పుచ్చకాయ మనిషి తలలా ఉండటం, వేళ్ళు కొరికే పియానో, మీదకొచ్చే అద్దంలో బొమ్మ, ఇవన్నీ ఆ పిల్ల చెప్పినవే. 1977 నాటి టైటిల్స్‌లో మూలకథ దగ్గర ఆమె పేరే ఉంటుంది. ఆయనేమో టీవీ యాడ్లు తీసి చెయ్యి తిరిగినవాడు. ఆకాశం రంగు పూసిన తెరేనని తెలిసిపోతూనే ఉంటుంది. దాచాలనుకోలేదు మరి! పిల్లలు కత్తెరతో బొమ్మలు కోసి గోడకి అంటించినట్టు తీశాడు.

ఒక్క చోట మాత్రం నువ్వు తెర చూడకు, మీవాళ్ళ మొహాలు చూడు. అమ్మాయిలు ఊరికి వెళ్ళే దారిలో, వాళ్ళు దిగబోయే ఇంటావిడ పాత కథ మూకీ సినిమాలా నడుస్తుంది. పెళ్ళాడాల్సినవాడు యుద్ధానికెళ్ళి తిరిగి రాడు. పైన అమ్మాయిల కబుర్లు వినిపిస్తూ ఉంటాయి. అణుబాంబు పొగ లేస్తే ఒక పిల్ల పీచుమిఠాయిలా ఉందంటుంది. అక్కడ కూడా నవ్వుతారు. ఒబయాషి 1938లో హిరోషిమా ప్రాంతంలోని ఒనోమిచిలో పుట్టాడు. బాంబు పడ్డప్పుడు ఏడేళ్ళు. చిన్ననాటి స్నేహితుల్ని ఆ బాంబుకే పోగొట్టుకున్నాడు. ఈ సంగతి ముందు చెప్పావంటే అందరూ బిగదీసుకు కూర్చుంటారు. అయ్యాక చెప్పు. నేను నవ్వి మూడేళ్ళయ్యాక గానీ తెలుసుకోలేదు, ఇప్పటికీ ఆ పీచుమిఠాయి మాట గొంతులో అడ్డం పడుతుంది.

మొత్తం 88 నిమిషాలే, టీకని మధ్యలో ఆపకు. లాప్‌టాప్ స్పీకర్లతో సరిపెట్టకు, ఆ పియానో పాట తిరిగి తిరిగి వచ్చి చెవిలో ఉండిపోవాలి. పేర్లు గుర్తుపెట్టుకోమని ఎవరికీ చెప్పక్కర్లేదు, కుంగ్‌ఫూ అన్న పిల్ల తంతుంది, మెలొడీ అన్న పిల్ల వాయిస్తుంది.

తినడానికి పుచ్చకాయ ముక్కలు పెట్టమంటోంది మీ పెద్దమ్మ. బావి సీను అయ్యేదాకా బయటికి తియ్యకు.

మీ పెదనాన్న