సేవ చేద్దామని వచ్చి ఒంటరినైపోయాను

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో ఆరేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. గత అక్టోబరులో రెండేళ్ళ ఒప్పందం మీద స్వచ్ఛంద సేవకు ఆఫ్రికాలోని మలావీ దేశం వచ్చాను. జోంబా దగ్గరి పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు లెక్కలు చెప్పే పద్ధతుల్లో సాయపడటం నా పని. మొదటి రెండు నెలలూ ఉత్సాహంగా గడిచాయి. ఇప్పుడు ఫిబ్రవరి. సాయంత్రమైతే చాలు, ఏడుపు ముంచుకొస్తోంది. బడిలో అందరూ మర్యాదగానే ఉంటారు కానీ నాకంటూ ఏ పనీ అప్పగించరు. ఊళ్ళో కొందరు డబ్బు అడుగుతున్నారు. పక్కింటావిడ ఒకసారి గిన్నెలో భోజనం తెచ్చింది. వాళ్ళకే కష్టంగా ఉంటే నేను తినడం ఏమిటని వద్దన్నాను. ఆ తరువాత ఆమె రాలేదు. అమ్మ రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి వచ్చెయ్యమంటుంది, సంబంధాలు వస్తున్నాయంటుంది. బాగున్నానని అబద్ధమాడి, ఫోను పెట్టేశాక ఏడుస్తాను. బయలుదేరే ముందు బడిలో శాలువా కప్పి సన్మానం చేశారు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెనక్కి వెళ్ళను? మీరూ కొంతకాలం ఇక్కడ పనిచేశారని తెలిసి రాస్తున్నాను.

జవాబు: అవునమ్మా, నర్సులకు శిక్షణ ఇచ్చే పని మీద రెండేళ్ళు అక్కడే ఉన్నాను, డెడ్జా వైపు. మీ ఉత్తరం చదివాక నా మనసు ఆ శాలువా దగ్గర ఆగలేదు, ఆ గిన్నె దగ్గర ఆగింది. దాని గురించి చెబుతాను. అంతకన్నా ముందు ఒక మందు సంగతి అడగాలి.

మలేరియా రాకుండా మీరు ఏ మాత్ర వేసుకుంటున్నారు? వారానికోసారి వేసుకునేదైతే డబ్బా మీద పేరు చూడండి. అది మెఫ్లోక్విన్ అయితే కొందరిలో దిగులు, ఆందోళన, పీడకలలు తెచ్చిపెడుతుంది. ఈ ప్రభావాల గురించి 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన హెచ్చరికను మరింత తీవ్రం చేసింది. అలాగని మీ అంతట మీరు మానేయవద్దు, అక్కడ ఇప్పుడు వానాకాలం, మలేరియా ప్రాణాల మీదికి తెస్తుంది. మిమ్మల్ని పంపిన సంస్థ డాక్టరుతో మాట్లాడండి. రోజూ వేసుకునే వేరే మాత్రలు ఉన్నాయి, వాటికి మారవచ్చు. ఒంట్లో వేడిగా ఉన్నా, కారణం తెలియని నీరసం ఉన్నా వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. నిద్ర, ఆకలి పూర్తిగా పోయి రెండు వారాలు దాటినా, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన ఒక్కసారి వచ్చినా, అదే రోజు మీ సమన్వయకర్తకు చెప్పండి. అప్పుడు ఇక నేను కింద రాసినవేవీ పట్టించుకోనక్కర లేదు, వైద్యమే ముఖ్యం.

ఇవేవీ కాకపోతే మీకు జరుగుతున్నది చాలామందికి జరిగేదే. కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో దీని గురించి రాశాడు. పరాయి దేశానికి వెళ్ళినవాళ్ళకు మొదట మోజు, తరువాత చికాకు, ఆపైన మెల్లగా కోలుకోవడం, చివరికి సర్దుకోవడం. మోజు తీరాక దిగులు ఎందుకు కమ్ముకుంటుందో కూడా చెప్పాడు. ఎవరిని ఎలా పలకరించాలి, పెట్టినదాన్ని ఎప్పుడు అందుకోవాలి, ఎప్పుడు వద్దనాలి అనే చిన్న చిన్న ఆనవాళ్ళు సొంత ఊళ్ళో ఆలోచించకుండానే తెలిసిపోతాయి. అక్కడ అవి ఒక్కసారిగా మాయమవుతాయి. నాకు కూడా నాలుగో నెలలోనే మంచం మీది నుంచి లేవబుద్ధి కాలేదు. అది చేతగానితనం అనుకుని నెలన్నర ఎవరికీ చెప్పలేదు. ఆ నెలన్నర వృథాగా పోయింది, మీరు నాలుగు నెలలకే రాశారు.

ఇక గిన్నె. ఆమె తెచ్చింది బహుశా న్సిమా, గుమ్మడి ఆకు కూర అయి ఉంటుంది. మొక్కజొన్న పిండితో చేసే న్సిమా మన సంకటికి అక్కచెల్లెలు లాంటిది. గుమ్మడి ఆకులో వేరుశనగ పొడి కలిపి వండుతారు, ఆ కూర రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. ముందు ఇంటివాళ్ళు అతిథి చేతుల మీద నీళ్ళు పోస్తారు, తరువాత ముద్ద చేసుకుని కూరలో అద్దుకుని తినాలి. మీకు ఎవరూ నేర్పనక్కర లేని భోజనం.

మీరు ఆమె మీద జాలితోనే వద్దన్నారు, నాకు తెలుసు. కానీ ఇప్పుడు ఏ నెలో చూడండి. చేలల్లో మొక్కజొన్న నిలువెత్తు ఉంటుంది, ఇళ్ళలో గింజ ఉండదు. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ కరువు నెలలు, ఏప్రిల్లో కోతలు మొదలయ్యేదాకా చాలా ఇళ్ళలో ఒక పూటే పొయ్యి వెలుగుతుంది. అలాంటి రోజుల్లో ఆమె తన వంటలో మీకొక భాగం తీసింది. మన ఊళ్ళో కొత్తగా దిగినవాళ్ళకు పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపితే, మూత కూడా తీయకుండా వెనక్కి పంపితే ఏమనుకుంటారు? ఆమె కూడా అదే అనుకుంది. మీరు ఇచ్చేవారుగా మాత్రమే ఆ ఊరు వచ్చారని, తీసుకునే అవసరం మీకు లేదని ఆమెకు అర్థమైంది. మీ ఒంటరితనానికి మూలం నాకు ఇక్కడే కనిపిస్తోంది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోని మనిషికి దగ్గరవడం ఎవరికీ కుదరదు.

డబ్బు అడిగేవాళ్ళ సంగతి కూడా ఈ నెలలతో ముడిపడినదే. విడివిడిగా ఎవరికీ ఇవ్వవద్దు. "నా దగ్గర లేదు, క్షమించండి" అని నెమ్మదిగా, ప్రతిసారీ ఒకేలా చెప్పండి. అడిగినందుకు వాళ్ళను తక్కువగా చూడకండి.

బడిలో పని అప్పగించకపోవడానికి కూడా ఎదుటివాళ్ళ దగ్గర పుచ్చుకోవడమే మందుగా పనిచేస్తుందని నా నమ్మకం. ఒక్కో గదిలో వందమందికి చెప్పే ఉపాధ్యాయులు వాళ్ళు. 1994లో ప్రాథమిక విద్య ఉచితం చేశాక తరగతులు అలా నిండిపోయాయి. వాళ్ళకు మీరేం నేర్పుతారో తెలియదు, మీరు వాళ్ళ తరగతిలో కూర్చున్నారా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది. ఒక నెలపాటు ఏమీ నేర్పకండి. ఒకే ఒక టీచరును అడిగి ఆమె గదిలో వెనక కూర్చోండి, ఆమె పుస్తకాలు దిద్దుతుంటే సగం దిద్దిపెట్టండి. పిల్లల్ని అక్కడి భాష చిచేవాలో అంకెలు నేర్పమనండి. చిచేవాలో ఆరుకు వేరే మాట లేదు, "ఐదూ ఒకటీ" అంటారు. ఏడు "ఐదూ రెండూ". ఒక చేతి వేళ్ళు అయిపోయి రెండో చెయ్యి మొదలైనట్టు. లెక్కల టీచరు ఇది పిల్లల నోటి నుంచి వినాలి. మీరు తప్పు పలికితే తరగతంతా నవ్వుతుంది, నవ్వనివ్వండి.

అమ్మగారి ఫోను వేళ మార్చండి. మన తొమ్మిదింటికి అక్కడ సాయంత్రం అయిదున్నర. పొద్దు వాలే వేళ, మీ మనసు అన్నిటికన్నా బలహీనంగా ఉండే వేళ. ఆ సమయానికి "వచ్చెయ్యి" అనే మాట చెవిన పడితే ఎవరు తట్టుకుంటారు? వారానికి రెండుసార్లు, పొద్దున ఎనిమిదింటికి మాట్లాడండి, అమ్మకు అప్పుడు పదకొండున్నర. బాగున్నానని చెప్పడం మానండి. మీ గొంతు విని ఆమె ఎప్పుడో కనిపెట్టి ఉంటుంది, అందుకే సంబంధాల మాట ఎత్తుతోంది. మిమ్మల్ని ఇంటికి రప్పించడానికి ఆమెకు దొరికిన మాట అది. "దిగులుగా ఉందమ్మా, అయినా ఉండి చూస్తాను" అని నిజం చెప్పండి. ఏం వండుకున్నారో, వాన ఎలా పడుతోందో చెప్పండి. పెళ్ళి గురించి మాత్రం ఫోనులో వాదించవద్దు, ఇంట్లో మీరు నమ్మే ఒకరితో విడిగా ఒకసారి మీ నిర్ణయం చెప్పి ఊరుకోండి.

వెనక్కి వెళ్ళడం తప్పు కాదు. కానీ ఆ నిర్ణయం సాయంత్రం ఏడుస్తూ తీసుకోవద్దు. మే నెలాఖరు దాకా గడువు పెట్టుకోండి. అప్పటికి వానలు ఆగి, కోతలై, ఊరి ముఖం మారి ఉంటుంది. అప్పుడు కూడా ఇలాగే ఉంటే ఒక పగటిపూట కూర్చుని నిశ్చయించుకుని, సంస్థకు చెప్పి వచ్చేయండి. శాలువా కప్పినవాళ్ళు మీ ధైర్యాన్ని చూసి కప్పారు, రెండేళ్ళూ కష్టపడి తీరాలని రాయించుకుని కప్పలేదు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీరున్న దక్షిణ ప్రాంతంలో కందులు బాగా పండుతాయి, నాందోలో అంటారు. ఏటా 50 వేల టన్నులు కొనేందుకు 2021లో మన ప్రభుత్వం ఆ దేశంతో ఒప్పందం చేసుకుంది కూడా. మీ అమ్మగారి వంటింట్లో ఉడికే పప్పులో అక్కడి చేను గింజలు ఉన్నా ఆశ్చర్యం లేదు. సంతలో కొన్ని కందులు కొని, మీ ఇంటి పద్ధతిలో టమాటా వేసి వండండి. మూతపెట్టిన గిన్నెతో పొద్దున్నే ఆమె వాకిట్లోకి వెళ్ళండి. తలుపు తట్టకండి, "ఓదీ" అని పిలిచి ఆగండి. ఆమె బయటికి వస్తే ముందు "మ్వాద్జుకా బ్వాంజి, అమాయి" అనండి, ఎలా నిద్రలేచారని అడగడం అది. అక్కడ అమాయి అంటే అమ్మ. పలకరింపు పూర్తయ్యేదాకా వచ్చిన పని చెప్పకూడదు. చాప వేస్తే కూర్చోండి. ఏం పెట్టినా తినండి. తిరిగి వచ్చేటప్పుడు మీ గిన్నె అడగకండి, ఆమె దగ్గరే ఉండనివ్వండి.