బరువు వేసినా కాడలు ఊడని గుడ్డ సంచి ఇంట్లో కుట్టుకోవడం ఎలా?

మీ దగ్గర కాలుతో తొక్కే మామూలు మిషన్ ఉంది, రైతుబజారుకి పట్టుకెళ్లే సంచి కుడితే నాలుగు వారాలకే కాడ ఊడొచ్చేస్తోంది, గుడ్డ మార్చాలా అని అడిగారు. గుడ్డ మార్చక్కర్లేదండీ, కాడ అతికే చోటు మార్చాలి. మా ఇంట్లో కూరగాయలకీ బియ్యానికీ వాడేవన్నీ నేను కుట్టిన సంచులే. సంచి చిరగడమంటూ జరిగితే అది ఎప్పుడూ కాడ దగ్గరే మొదలవుతుంది.

గుడ్డ గాడా (ముతక నూలు గుడ్డ) అయినా, పలచని కాన్వాస్ అయినా సరే. రవికల గుడ్డ వద్దు, ఉల్లిపాయలు వేస్తే సాగిపోతుంది. కొత్త గుడ్డని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించండి. నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది, ఆ కుంచింపు కుట్టక ముందే అయిపోవాలి. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డ ఒకటింబావు మీటరు తీసుకుంటే రెండు సంచులొస్తాయి. తడిపితే తగ్గేది చూసుకుని కాస్త ఎక్కువే తెచ్చుకోండి.

ఒక్కో సంచికి 17 అంగుళాల వెడల్పు, 38 అంగుళాల పొడవు ఉన్న ఒకే ముక్క. మధ్యకి మడిస్తే అడుగున కుట్టే ఉండదు, బరువంతా నిండు గుడ్డ మీద పడుతుంది. కాడలకి 4 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవుతో రెండు పట్టీలు. వీటిని గుడ్డ అంచు వెంబడి, పడుగు దిశలోనే, అంటే గుడ్డ పొడవునా పోయే పోగుల వెంటే కత్తిరించండి. పేక వైపు, అంటే అడ్డపోగుల వెంట కత్తిరించిన కాడ నెల తిరక్కుండానే సాగి వేలాడుతుంది. పట్టీని నాలుగు మడతలు వేసి, ఒక అంగుళం వెడల్పు వచ్చాక రెండు అంచులూ కుట్టేయండి.

పక్క కుట్లకి ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా చుట్టి కుట్టే మిషన్) లేదని బెంగ వద్దు. ముందు గుడ్డ మంచి వైపు బయటికి ఉండేలా పావు అంగుళంలో కుట్టి, పోగులు కత్తిరించి, తిరగేసి మళ్లీ పావు అంగుళంలో కుట్టండి. పోగులన్నీ లోపల దాక్కుంటాయి. అడుగు మూలలు రెండూ త్రికోణంగా లాగి, 4 అంగుళాల అడ్డగీత గీసి దాని మీద కుడితే సంచి కింద పెట్టినప్పుడు నిలబడుతుంది.

ఇక అసలు చోటు. పైఅంచుని అరంగుళం, తర్వాత అంగుళం లోపలికి మడవండి. కాడ కొసని ఆ మడత కిందకి పూర్తిగా, అంగుళం మేర దూర్చండి. పక్క కుట్టు నుంచి 4 అంగుళాల దూరంలో రెండు కొసలూ పెట్టి, కాడ మెలి తిరగలేదని చూసుకోండి. మడత కింది అంచు చుట్టూ ఒక కుట్టు. ఆ తర్వాత కాడని పైకి మడిచి, పైఅంచు దగ్గర ఇంకో కుట్టు. ఈ రెండు కుట్ల మధ్య కాడ మీద అంగుళం చదరం కుట్టి, అందులో మూల నుంచి మూలకి ఇంటూ గుర్తులా కుట్టండి. అడ్డంగా ఒక్క వరస కుట్టుంటే సామాను బరువంతా ఆ కొద్ది రంధ్రాల మీదే పడి గుడ్డ అక్కడ చిల్లుపడుతుంది. చదరం కుడితే లాగుడు నాలుగు వైపులకీ పంచుకుంటుంది. బట్టల షాపుల్లో ఊరికే ఇచ్చే సంచులు చూడండి, చాలావాటికి ఈ చదరం ఉండదు.

అక్కడ గుడ్డ పదకొండు పొరలవుతుంది. 16 నంబరు సూది వేసి, కుట్టు కాస్త పెద్దది పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ నెమ్మదిగా పోనివ్వండి. మందంగా ఉంటే ముందుగా ఆ మడతని పచ్చడిబండతో నాలుగు దెబ్బలు కొడితే అణుగుతుంది. కాన్వాస్ అయితే మాత్రం ఇంటి మిషన్ మీద అన్ని పొరలు కష్టం. దానికి కాడలుగా అంగుళం నూలు నవారు కొనుక్కోండి, పొరలు సగానికి పైగా తగ్గిపోతాయి. దారం పాలిస్టర్‌దే వాడండి. కుట్టు మొదట్లోనూ చివర్లోనూ మూడు నాలుగు కుట్లు వెనక్కి వేయడం మరవకండి.

భుజానికి తగిలించుకోవాలంటే కాడ 28 అంగుళాలు పెట్టండి. గుడ్డ కూడా ఆ మేరకి పెంచుకోవాలి.